పద్నాలుగో ప్రశ్న

ప్రశ్నాపత్రంలో అది పద్నాలుగోది.
"ఇవాళ పది వేల ఫ్రాంకులు తీసుకుంటారా,
నెల తిరిగాక పన్నెండు వేలు తీసుకుంటారా?"
మొదటిదంటే ఒకటి వెయ్యాలి, రెండోదంటే రెండు.
ఇంకే జవాబుకీ గడి లేదు.

డకార్‌లో మూడు రోజుల శిక్షణలో
ప్రొఫెసర్ ఆన్‌లీస్ మరీమరీ చెప్పింది:
వివరించకూడదు, నవ్వకూడదు, తలూపకూడదు.
అడిగేసి గోడలా నిలబడాలి.
నా పేరు లాటీర్. ఫారానికి పదిహేను వందలు నా కూలి.
గోడగా ఉండటానికి అదేం తక్కువ కాదు.

జోవాల్ రేవులో దిబోర్ సార్
వేరుసెనగ పొట్టు రాజేసి
యాబోయ్ చేపలకి పొగ పెడుతోంది.
నాకు కళ్ళు మండుతున్నాయి.
ఆమెవి ఎప్పుడో మండి మండి ఊరుకున్నాయి.
వయసు?
"పడవలు కొట్టుకుపోయిన ఏడు నాకు నడక వచ్చింది."
యాభై రెండని రాశాను.
నెలకి ఆదాయం?
"సముద్రాన్ని అడుగు."
సముద్రానికి కోడ్ ఇవ్వలేదు.
తొంభై తొమ్మిది వేశాను, తెలియదని అర్థం.

పద్నాలుగు చదివాను.
ఆమె చేపలు తిరగేస్తూనే ఉంది, ఒక వరస, ఇంకో వరస.
"ఇవాళే" అంది.
ఒకటి వేశాను.

అక్కడితో ఆగాల్సింది.
గోడలకి చెవులుంటాయంటారు,
ఈ గోడకి నోరు కూడా ఉంది.
ఎందుకని అడిగాను.

"పోయినేడు ఒకమ్మాయి వచ్చింది బాబూ,
నీలాగే మెడలో కార్డు వేసుకుని.
నెల తిరిగాక వస్తానంది, సబ్బులు తెస్తానంది.
ఆ సబ్బుతోనే ఇంకా చేతులు కడుక్కుంటున్నాను.
నెల సంగతి నాకు తెలుసు.
నువ్వే నాకు తెలీదు."

ఈ మాట మార్జిన్‌లో రాశాను.
మార్జిన్‌ని ఎవరూ టైపు చెయ్యరు.

చేప ఆరడానికి మూడు రోజులు.
బామాకో వెళ్ళే లారీ రావడానికి తొమ్మిది.
లారీవాడు డబ్బు పంపడానికి
ఒక్కోసారి రంజాన్ దాకా.
చేపపిండి ఫ్యాక్టరీ వచ్చాక
పడవలు అటే మళ్ళుతుంటే
ఖాళీ గంప పక్కన ఇసుకలో కూర్చున్న
తెల్లవారుజాములకైతే లెక్కే లేదు.
మా వోలోఫ్‌లో ఎదురుచూడటానికీ, నొప్పి ఓర్చుకోవటానికీ
ఒకటే మాట, ముఞ్.
ఫ్రెంచి ఫారంలో ఆ చోట
"ప్రాధాన్యం" అని అచ్చేశారు.

వచ్చే ఏడాదికి ఇదంతా ఒక పట్టిక.
దిబోర్ సార్ సున్నాకీ ఒకటికీ మధ్య ఎక్కడో ఒక దశాంశం.
పక్కన మూడు చుక్కలు పెడతారు,
చుక్కలుంటే నిజమన్నమాట.
పేదవాళ్ళకి రేపటి మీద చూపు ఆనదని
ఎక్కడో చల్లటి హాల్లో ఎవరో చదువుతారు.
ఆ తర్వాత కాఫీ.
అన్నట్టు, నా రెండు నెలల కూలి ఇంకా రాలేదు.
దారిలో ఉందంటున్నారు.
నన్నెవరూ పద్నాలుగో ప్రశ్న అడగలేదు.

ఆమె అడిగింది.
నేను లేవబోతుంటే మసి చెయ్యి అడ్డం పెట్టి,
"ఇప్పుడు ఒక చేప తీసుకుంటావా,
శుక్రవారం వచ్చి మూడు తీసుకుంటావా?"
బస్సు అయిదింటికి.
శుక్రవారం నేను ఫాతిక్‌లో ఉండాలి.
పొద్దుట్నించీ తిన్నది సగం రొట్టె.
"ఇప్పుడే" అన్నాను.

ఎంత నవ్విందంటే
పక్క పొయ్యిల ఆడవాళ్ళంతా పొగలోంచి తొంగిచూశారు.
"రాసుకో" అంది, "నీది కూడా రాసుకో."

చుట్టడానికి ఇంకేం లేక
ఒక ఖాళీ ఫారం ఇచ్చాను.
లెక్కలో ఒకటి తగ్గితే నూరు ఫ్రాంకులు కోత.
బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
నూనె మెల్లగా పాకి
పద్నాలుగు దగ్గర రెండు గడులూ
ఒకే మరక అయ్యాయి.
మ్బూర్ రాకముందే
ముల్లు కూడా వదలకుండా తినేశాను.